చెకుముకి వాడి చేతిలోనే ఉండనివ్వు

ప్రియమైన మేనల్లుడికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మామయ్య శుభాలు. దేవుని దయ వల్ల ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. మొన్న ఆదివారం నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పి ఉండేవాణ్ని. కానీ ఆరాధన ముగిసి అందరూ భోజనాలకు లేస్తున్న వేళ, నిలబడి నాలుగు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. అమ్మాయికి కూడా చదివి వినిపించు. తుపాకుల పేరు విని ఆమె భయపడుతోందని మీ అత్తయ్య చెప్పింది. ఆ సంగతీ రాస్తాను.

బాబు ఆరో తరగతికి వచ్చాడు. రాయల్ రేంజర్స్ అనే మన సంఘ బాలుర దళంలో ఏడాదికి పైగా తిరుగుతున్నాడు. ఇప్పుడు మొదటిసారి రాండెవూకు, అంటే వాళ్ల అడవి శిబిరానికి, వెళ్లే వేళ వచ్చింది. నువ్వు నన్ను అడిగిన మొదటి మాట "ఏమేమి కొనాలి మామయ్యా?" అని. దానికి నా జవాబు, ఏమీ కొనవద్దు. జింక తోలు చొక్కా, అంచులకు కుచ్చులు వేలాడే లాగు, నక్కతోక టోపీ, ఇవన్నీ ఇంటర్నెట్‌లో చూసి ధరలు లెక్కవేసుకుంటున్నావని నాకు తెలుసు. అవి ఒకరోజులో కొని తొడుక్కునేవి కావు. అక్కడ నీకు కనబడే పెద్దవాళ్ల ఒంటి మీది బట్టల్లో సగం వాళ్లు సొంతంగా కుట్టుకున్నవే. సూదిపోట్లతో, పొగవాసనతో పదేళ్లకు ఆ రూపానికి వచ్చినవి. మొదటి ఏడాది మీ ఇద్దరికీ ముతక నూలు చొక్కా ఒక్కొక్కటి, బొత్తాలు కనబడకుండా వదులుగా ఉన్నది, నడుముకు తోలు పట్టీ, ఒక ఉన్ని దుప్పటి ఉంటే చాలు. ఉన్ని అని ఎందుకు అంటున్నానంటే, రాత్రిపూట ఓజార్క్ కొండల్లో చలి ఒక కారణం, నిప్పు మరో కారణం. నైలాను జాకెట్టు మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని మీద పడితే కాస్త కమిలి ఆరిపోతుంది. మంట దగ్గర బాబు ఒంటి మీద నైలాను ఉండకుండా చూసుకో. బట్టల గురించి ఇంతే.

అసలు ఇది ఏమిటో తెలియకుండా వెళితే వేషాల పండుగలా కనబడుతుంది. అందుకని కొంచెం చెబుతాను. రాయల్ రేంజర్స్‌ను అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే క్రైస్తవ సంఘాల్లో 1962లో జానీ బార్న్స్ ప్రారంభించారు. 1966లో దాని లోపల ఫ్రాంటియర్ క్యాంపింగ్ ఫెలోషిప్ పుట్టింది. అమెరికా పశ్చిమాన కొండల్లో తిరిగిన తొలినాటి వేటగాళ్ల బతుకుతీరును, వాళ్ల చేతిపనులను పిల్లలకు నేర్పుతూ, ఆ పని మధ్యలోనే వాక్యం చెప్పడం దాని పద్ధతి. ఇవ్వడానికి, సేవ చేయడానికి అన్నది దాని నినాదం. రాండెవూ అనే పేరు కూడా ఆ వేటగాళ్లదే. విలియం ఆష్లీ అనే వ్యాపారి 1825లో గ్రీన్ నది దగ్గర, ఇప్పటి వయోమింగ్ ప్రాంతంలో, కొండల్లో చెల్లాచెదురుగా ఉన్న తన మనుషులను ఒకచోటికి రప్పించి, బీవర్ అనే బొచ్చు జంతువు తోళ్లు తీసుకుని వాళ్లకు కావలసిన సరుకు ఇచ్చాడు. అప్పటి నుంచి 1840 దాకా దాదాపు ఏటా వేసవిలో అలాంటి సంతలు జరిగాయి. మన ఊళ్లలో తిరునాళ్లు ఎలాగో అలాగే. ఏడాదంతా మనిషి ముఖం చూడని వాళ్లు అక్కడికి వచ్చి కలుసుకునేవాళ్లు. యూరప్‌లో బీవర్ బొచ్చు టోపీల మోజు పోయి పట్టు టోపీలు వచ్చాయి, కొండల్లో బీవర్లూ తరిగిపోయాయి, అంతటితో ఆ సంతలు ఆగిపోయాయి.

ఆ పాత సంతలు భక్తిగా జరిగాయని బాబుకు చెప్పవద్దు. అక్కడ సారా ఏరులై పారింది, జూదం ఆడారు, ఏడాది సంపాదన వారంలో పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మన రాండెవూ వాటి నుంచి చేతిపనులను తీసుకుంది, తాగుడును తీసుకోలేదు. ఈ తేడాను పిల్లవాడికి దాచకుండా చెప్పాలి. అలా చెప్పినప్పుడే జెడిడయా స్మిత్ అనే వేటగాడు ఎందుకు గొప్పవాడో వాడికి అర్థమవుతుంది. ఆ గుంపులో ఉంటూ బైబిలు చదువుకున్న మనిషి ఆయన. 1823లో ఎలుగుబంటి ఆయన తలను నోట కరిచి, నెత్తి చర్మాన్నీ చెవినీ చీల్చేసింది. పక్కనున్న జేమ్స్ క్లైమన్ అనే సహచరుడు మామూలు సూదీ దారంతో చర్మాన్ని కుట్టాడు. చెవి మాత్రం తన వల్ల కాదన్నాడు. ఎలాగైనా కుట్టి చూడమని స్మితే అడిగాడు. ఆ మచ్చ కనబడకుండా జుట్టు పెంచుకుని బతికాడాయన. 1826లో తూర్పు నుంచి నేల మీదుగా కాలిఫోర్నియా చేరిన మొదటి అమెరికన్ అయ్యాడు. 1829 క్రిస్మస్ ముందురోజు కొండల నుంచి ఇంటికి రాసిన ఉత్తరాల్లో తన ఆత్మ స్థితి గురించి బాధపడ్డాడు, తన కోసం ప్రార్థించమని అడిగాడు. అవసరంలో ఉన్నవాళ్లకు సాయపడగలగడానికే ఈ ప్రమాదాలన్నీ పడుతున్నానని అన్నకు రాశాడు. ముప్పై రెండేళ్ల వయసులో, 1831లో, నీళ్లు వెతుకుతూ వెళ్లి సిమరాన్ నది దగ్గర చనిపోయాడు. కారులో వెళ్లేటప్పుడు ఈ కథ బాబుకు చెప్పు. నేను మా అబ్బాయికి చెబితే, చెవి కుట్టిన దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఇక నిప్పు సంగతి. ఈ ఉత్తరం నిజానికి దీని కోసమే రాస్తున్నాను.

మీ అమ్మకూ నాకూ తాత, అంటే నీకు ముత్తాత, చుట్ట ఎలా వెలిగించుకునేవాడో మీ అమ్మ నీకు ఎప్పుడైనా చెప్పిందా? మొలలో చిన్న సంచి ఉండేది. అందులో చెకుముకి రాయి, వంకర తిరిగిన ఉక్కు ముక్క, చిన్న వెదురు గొట్టంలో మాడిన దూది. రాయిని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, దాని అంచు మీద దూదిని ఆనించి, ఉక్కుతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. నిప్పురవ్వ దూదిలో పడి ఎర్రటి చుక్కలా నిలిచేది. అరుగు మీద కూర్చుని నేను నోరు తెరిచి చూసేవాణ్ని. నలభై ఏళ్ల తర్వాత మిస్సోరీ అడవిలో ఒక తెల్లగడ్డం పెద్దాయన తోలు సంచి విప్పి, అచ్చం అదే రాయి, అదే ఉక్కు, అదే పద్ధతి చూపించినప్పుడు నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. వేల మైళ్ల దూరంలో ఇద్దరు ముసలివాళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే పని ఒకే రకంగా చేశారు. బాబుకు ఈ సంగతి తెలియాలి. రాండెవూ పరాయివాళ్ల ఆట, మనం దూరం నుంచి చూసి రావాలి అని వాడికి అనిపించకూడదు. ఆ నిప్పు వాడి ముత్తాతల ఇంట్లోనూ ఉంది.

ఇప్పటినుంచే ఇంట్లో సాధన మొదలుపెట్టండి. మొదట మాడిన గుడ్డ తయారుచేసుకోవాలి. నూరు శాతం నూలు గుడ్డ అయి ఉండాలి. పాలియెస్టర్ కలిస్తే కరిగి ముద్దవుతుంది, పనికిరాదు. పాత బనియను అయినా మంచిదే. రెండు అంగుళాల ముక్కలుగా కత్తిరించి, మూత బిగుతుగా పట్టే చిన్న రేకు డబ్బాలో పరచండి. మూతకు మేకుతో ఒక చిన్న రంధ్రం పొడవండి. ఆ డబ్బాను నిప్పుల మీద పెడితే కాసేపటికి రంధ్రంలోంచి తెల్లటి పొగ వస్తుంది. పొగ వస్తున్నంతసేపూ కదిలించవద్దు. పొగ పూర్తిగా ఆగాక తీసి, రంధ్రంలో పుల్ల గుచ్చి మూసి, చల్లారేదాకా ఆగండి. వేడిగా ఉండగా మూత తెరిస్తే గాలి తగిలి మొత్తం బూడిదవుతుంది. బాబు ఓపికను పరీక్షించే మొదటి పని ఇదే. తెరిచి చూద్దాం నాన్నా అని పదిసార్లు అడుగుతాడు. ఆగమను. సరిగ్గా వచ్చిన గుడ్డ నల్లగా, మెత్తగా ఉంటుంది, పట్టుకుంటే చిరగదు, కొంచెం లాగితే చిరుగుతుంది. గోధుమరంగులో ఉంటే సరిగా మాడలేదని, మళ్లీ పెట్టాలని అర్థం. ఇదంతా పెరట్లో, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకుని చేయండి, వంటింట్లో కాదు.

తరువాత జనపనార తాడు చిక్కు విప్పి, పీచు చేసి, పిచ్చుక గూడులా చుట్టాలి. లోపల సన్నటి పీచు, బయట ముతకది. రాయి అంచు పదునుగా ఉండాలి. ఉక్కును రాయి మీద బాదకూడదు, అంచును చెక్కుతున్నట్టు కిందికి జారుస్తూ కొట్టాలి. రాయి ఉక్కును సన్నగా గీస్తుంది. ఆ గీరుకు రాలిన ఉక్కు పొడే ఎర్రగా కాలి నిప్పురవ్వ అవుతుంది. రవ్వ గుడ్డ అంచున పడితే చిన్న ఎర్రచుక్క నిలుస్తుంది. దాన్ని జనపనార గూట్లో పెట్టి, గూడు మడిచి, ముఖానికి దూరంగా పట్టుకుని, మెల్లగా, సన్నగా, ఆపకుండా ఊదాలి. మొదట పొగ. తర్వాత ఇంకా పొగ. ఇక రాదేమో అనుకున్నప్పుడు ఒక్కసారిగా మంట లేస్తుంది. బైబిల్లో యెషయా 42వ అధ్యాయంలో, మకమకలాడే జనపనార వత్తిని ఆయన ఆర్పడు అన్న మాట ఉంది కదా, ఆ మాటకు అర్థం నాకు సంఘంలో ప్రసంగం విన్నప్పుడు కాదు, ఆ గూడు చేతిలో పట్టుకుని ఊదుతున్నప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మా అబ్బాయికి పన్నెండేళ్లప్పుడు మొదటి రాండెవూ. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి నిప్పు చేయమన్నారు. మిగిలిన పిల్లలవి ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మావాడిది వెలగలేదు. వేళ్ల కణుపులు గీసుకుపోయాయి, రాయికి నెత్తురు అంటింది. నాకు చూడబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే నలుగురిలో నామోషీ కూడా అయింది. వాడి చేతిలోంచి ఉక్కు తీసుకుని మూడు దెబ్బల్లో వెలిగించి ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు ఆ గూడును నేల మీద పెట్టేసి వెళ్లి గుడారంలో కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ మళ్లీ ఉక్కు పట్టుకోలేదు. పక్క ఏడాది వస్తావా అంటే రానన్నాడు. వాడిని తిరిగి తీసుకురావడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందుకే చేతులు జోడించి చెబుతున్నాను, అల్లుడూ, బాబుకు రాత్రంతా పట్టినా సరే, చెకుముకి వాడి చేతిలోనే ఉండనివ్వు. వాడి పక్కన కూర్చో. వేరే రాయి తీసుకుని నీ గూడు నువ్వు చేసుకో. నీది వెలిగినా పైకి ఎత్తి చూపించకు. వాడి వేలికి దెబ్బ తగిలితే కట్టు కట్టు. వాడు అడిగితే చెప్పు, అడగకపోతే నోరు మూసుకుని ఉండు. రాండెవూలో తండ్రి చేయవలసిన పనుల్లో ఇంతకన్నా కష్టమైనది లేదు.

గొడ్డలి విసరడం పిల్లలకు అన్నిటికన్నా ఇష్టం. టొమహాక్ అంటే చిన్న చేతిగొడ్డలి. దుంగను అడ్డంగా కోసిన దిమ్మెను లక్ష్యంగా నిలబెడతారు. సుమారు పన్నెండు పదమూడు అడుగుల దూరంలో నిలబడి వదిలితే గాలిలో ఒక్క పల్టీ కొట్టి అంచు వైపు దిగుతుంది. పిడి తగిలి కింద పడుతోందంటే దూరం సరిపోలేదని. అరడుగు ముందుకో వెనక్కో జరిగి చూడాలి. పిల్లలు అది వదిలేసి బలం పెంచుతారు. బలం పెంచితే గొడ్డలి ఎగిరి ఎటో పోతుంది. బాబుకు ఒకటే చెప్పు: కాలు జరుపు, చెయ్యి కాదు. గీత దాటి ఎవరూ ఉండకూడదు, అందరూ విసిరాక, పెద్దవాళ్లు చెప్పాకే వెళ్లి తెచ్చుకోవాలి. దిమ్మెకు తగిలి తిరిగి వచ్చే గొడ్డలి కూడా ఉంటుంది, కాబట్టి చూసేవాళ్లు బాగా వెనక నిలబడాలి.

తుపాకి గురించి అమ్మాయికి ఇలా చెప్పు. అవి గొట్టం ముందువైపు నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులు. మన పల్లెల్లో అడవిపందుల కోసం వాడిన నాటు తుపాకుల లాంటివి. ఒక్క గుండు పేల్చడానికి ఎంతో పని ఉంటుంది. మందు కొలిచి పోయాలి, గుడ్డముక్కలో గుండు పెట్టాలి, కర్రతో అడుగుదాకా దట్టించాలి. వాటిని వాడేది ఒక్కచోటే, శిక్షణ పొందిన అధికారి ఎదుటే, ఒక్కొక్క పిల్లవాడి పక్కన ఒక పెద్ద మనిషి ఉండగానే. కంటికి అద్దాలు, చెవులకు మూతలు తప్పనిసరి. మందు దాచుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి మందు పోయనివ్వరు, వేరే కొలత గొట్టంలో పోసుకుని అందులోంచే పోయాలి. గొట్టం అడుగున ఇంకా నిప్పు కణం మిగిలి ఉంటే చేతిలోని కొమ్ము మొత్తం అంటుకుంటుందని. పేలకపోతే తుపాకిని లక్ష్యం వైపే ఉంచి కదలకుండా నిలబడి అధికారిని పిలవాలి. వాడికి ఇష్టం లేకపోతే పేల్చనవసరం లేదు. ఎవరూ బలవంతం చేయరు. చేస్తే నువ్వు అడ్డుపడు. అమ్మాయి వద్దంటే వద్దు. ఆ నిర్ణయం మీ ఇద్దరిదీ.

మీ ఔట్‌పోస్ట్ కమాండరును, అంటే మీ ఊరి దళం పెద్దను, ఒక ప్రశ్న తప్పకుండా అడుగు. రాత్రిపూట ఎవరు ఎక్కడ పడుకుంటారు అని. ఏ పెద్ద మనిషీ ఒక్కడే ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండకూడదన్నది మంచి శిబిరాల్లో కచ్చితమైన నియమం. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. బాబు నీ గుడారంలోనే పడుకోవాలి. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు. అడిగినందుకు నొచ్చుకునేవాడి చేతికి పిల్లలను అప్పగించనే కూడదు.

ఒక ఏడాది ఒక పిల్లవాడు మొదటి రాత్రి ఇంటి మీద బెంగతో ఏడ్చాడు. అక్కడున్న ఒక పెద్దాయన అందరి ముందూ వాడిని ఎగతాళి చేశాడు. కొండల్లో మగవాళ్లు ఏడవరు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున ఆయనతో పక్కకు వెళ్లి మాట్లాడాను. రాయల్ రేంజర్స్ నియమావళిలో పిల్లవాడు నేర్చుకోవలసినవి ఎనిమిది: చురుకుదనం, శుభ్రత, నిజాయితీ, ధైర్యం, నమ్మకత్వం, మర్యాద, లోబడటం, ఆధ్యాత్మికత. ధైర్యంతో పాటు మర్యాద కూడా ఉంది. ఏడ్చే పిల్లవాడి పక్కన కూర్చోవడం ధైర్యం కాదా? యేసు లాజరు సమాధి దగ్గర ఏడవలేదా? బాబు ఏడిస్తే ఏడవనివ్వు. మంట దగ్గర కూర్చోబెట్టుకుని దుప్పటి కప్పు. మాటలు అవసరం లేదు.

గుడారాల సంగతి కొంచెం. అక్కడ రెండు రకాల శిబిరాలు ఉంటాయి, ఒకటి మామూలుది, ఒకటి పాతకాలపుది. పాతకాలపు శిబిరంలో 1840కి ముందున్న వస్తువులు తప్ప ఏవీ కంటికి కనబడకూడదు. కూలరు పెట్టెను కూడా కాన్వాసు గుడ్డతో కప్పుతారు, ప్లాస్టిక్ సీసా బయట పెట్టనివ్వరు. మీరు మొదటి ఏడాది మా కాన్వాసు గుడారంలో ఉండండి, ముగ్గురికీ చాలుతుంది. వాన పడితే లోపలి నుంచి గుడ్డను తాకవద్దని బాబుకు చెప్పు. వేలు తగిలినచోటల్లా నీరు కారుతుంది. అడవిలో పిడుదులు ఎక్కువ. మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివే, కానీ జ్వరాలు తెస్తాయి. రోజుకు రెండుసార్లు వాడి మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, తలలో చూడు. మూడేసి ఆకులుగా ఉండే తీగ ఏది కనబడినా తాకవద్దు.

వంట మాత్రం నాది. ఈ ఒక్క విషయంలో నాకు కొంచెం గర్వం ఉంది, దేవుడు క్షమించుగాక. డచ్ ఓవెన్ అని పోత ఇనుప కుండ ఉంటుంది. మూడు కాళ్లు, మూత అంచు పైకి లేచి ఉంటుంది, ఆ మూత మీద నిప్పులు నిలవడానికి. పన్నెండు అంగుళాల కుండకు ఇరవై నాలుగు బొగ్గు బిళ్ళలు చాలు. రొట్టె కాల్చాలంటే మూత మీద పదిహేను, కింద తొమ్మిది. మన పప్పు ఉడకాలంటే కింద ఎక్కువ, మీద తక్కువ. పావుగంటకోసారి కుండను ఒకవైపు, మూతను రెండోవైపు కొంచెం తిప్పాలి, లేకపోతే ఒకచోట మాడుతుంది. చింతపండు, టమాటా ఎక్కువసేపు ఉడికితే ఇనుముకు పట్టిన నూనె పూతను తినేస్తాయి, అందుకని అందులో ముద్దపప్పే చేస్తాను. ఒక ఏడాది శనివారం రాత్రి ముద్దపప్పు, నెయ్యి, అన్నం, ఆవకాయ వండి పెడితే, జింక మాంసం తెచ్చుకున్న పెద్దలంతా కంచాలు పట్టుకుని మా మంట దగ్గరికి వచ్చారు. వాళ్ల ఎండు మాంసం చూపిస్తే నేను మన ఉప్పుకండల కథ చెప్పాను. రెండూ ఒకటే పద్ధతి: సన్నగా కోయడం, ఉప్పు, ఎండ, గాలి. కుండ కడగడం బాబుకు నేర్పు. సబ్బు ఎక్కువ వద్దు, వేడినీళ్లు, గుడ్డ, ఆరాక పల్చగా నూనె. నేను వండుతుంటే వాడు బొగ్గులు లెక్కపెట్టాలి. వాడికి ఆ పని ముందే కేటాయించాను.

శనివారం మధ్యాహ్నం దుప్పటి మీద వర్తకం ఉంటుంది. దుప్పటి పరిచి తమ దగ్గర ఉన్న వస్తువులు పెడతారు, డబ్బు ఉండదు, మారకమే. మన చిన్నప్పుడు వడ్లు పోసి ఉప్పు తీసుకున్నట్టే. వాడు సొంతంగా చేసినది ఏదైనా తీసుకువెళ్లాలి. మాడిన గుడ్డ డబ్బాలు నాలుగు చేయించు, మంచి గిరాకీ. చిన్న పిల్లవాడి దగ్గర విలువైనది తక్కువకు లాక్కునే వాడు ఎక్కడైనా ఉంటాడు. వాడు మోసపోతున్నాడని తోస్తే ఆ బేరం వాడే చేయనివ్వు, కానీ బేరం ముగిశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కటి మాత్రం ముందే ఆపు: గద్ద ఈకలు. అడవిలో దొరికినవైనా సరే, గద్ద ఈకలు ఉంచుకోవడం ఇక్కడ కేంద్ర చట్టం ప్రకారం నేరం. 1940 నుంచి ఆ చట్టం ఉంది. 1918 చట్టం వల్ల ఎన్నో అడవి పక్షుల ఈకలకూ అదే నియమం. కోడి ఈకలు, పెంపుడు టర్కీ ఈకలు వాడుకోవచ్చు.

ఈకల మాట వచ్చింది కనుక ఇంకొకటి. అక్కడ ఎవరో ఒక పిల్లవాడు మన బాబును నువ్వు ఏ తెగ అని అడుగుతాడు. మావాడిని అడిగారు. వాడు జవాబు తెలియక నా వైపు చూశాడు. కొలంబస్ దారి తప్పి ఇక్కడికి చేరి, ఇక్కడివాళ్లను మన పేరుతో పిలిచాడని, ఆ పేరు వాళ్లకు అంటుకుందని, అసలు ఆ దేశం మాదని చెప్పమన్నాను. చెప్పాడు. అక్కడితో ఆగకూడదు. ఆ సంతలకు షోషోనీలు, నెజ్ పెర్సే వాళ్లు, ఫ్లాట్‌హెడ్ వాళ్లు వచ్చేవాళ్లు. చెప్పులు కుట్టడం, తోలు పదును చేయడం, మంచులో బతకడం వేటగాళ్లకు నేర్పింది వాళ్లే. ఆ వ్యాపారం వాళ్లకు సారానూ మశూచినీ తెచ్చింది. 1837లో మిస్సోరీ నది మీద పొగపడవలో వచ్చిన మశూచి మాండన్ తెగను దాదాపు తుడిచిపెట్టింది. అందుకే బాబు తలకు ఈకల కిరీటం పెట్టుకోకూడదు, ముఖానికి రంగు పూసుకోకూడదు. ఆ ఈకలు వాళ్లలో గౌరవం సంపాదించుకున్నవాళ్లు పెట్టుకునేవి. మన సంఘపెద్ద అంగీ తొడుక్కుని వాడు ఆడుకుంటే మనకు ఎలా ఉంటుంది? వేటగాడి చొక్కా తొడుక్కోనివ్వు, అది చాలు.

రాత్రి సభామంట. పెద్ద మంట, చుట్టూ దుంగల మీద మనుషులు, దీపాలు ఏవీ ఉండవు. కొత్తగా ఫెలోషిప్‌లోకి వచ్చేవాళ్లను పిలుస్తారు. ఆ తర్వాత ఫ్రాంటియర్స్‌మన్, బక్‌స్కిన్, వైల్డర్‌నెస్ అని మెట్లు ఉంటాయి, వాటికి తొందర లేదు. నాకు ముఖ్యమైనది సాక్ష్యం. పెద్దలు ఒక్కొక్కరే లేచి, దేవుడు తమ బతుకులో ఏం చేశాడో చెబుతారు. ఒక రాత్రి ఒక తండ్రి లేచి, తన కొడుకు ఎదుటే, తాను తాగుడు మానిన సంగతి చెప్పి, కొడుకుకు క్షమాపణ చెప్పాడు. ఆ కుర్రాడికి పదిహేనేళ్లు ఉంటాయి. లేచి వెళ్లి తండ్రి పక్కన నిలబడ్డాడు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంట చిటపట తప్ప శబ్దం లేదు. నువ్వు సాక్ష్యం చెప్పాలని ఎవరూ అడగరు. చెప్పాలనిపిస్తే తెలుగులో చెప్పు, నేను పక్కన నిలబడి వాళ్లకు అర్థం చెబుతాను. బాబుకు కొంత అర్థమవుతుంది, కొంత కాదు. నాన్న సొంత భాషలో దేవుడితో మాట్లాడటం వాడు వినాలి. మీరు ఇంట్లో తెలుగు తగ్గించేశారని మీ అమ్మ బాధపడుతోంది. మన కీర్తన ఒకటి పాడటానికి ఆ మంట కన్నా మంచి చోటు ఉండదు.

ఇక పనుల మాట. ఈ శనివారం మాడిన గుడ్డ చేసి చూడండి. మొదటి డబ్బా పాడవుతుంది, పరవాలేదు. చెకుముకి, ఉక్కు నా దగ్గర రెండేసి ఉన్నాయి, తెస్తాను. ఉన్ని దుప్పట్లు మీవి మీరు తెచ్చుకోండి. సెలవుకు శుక్రవారం మధ్యాహ్నం నుంచి అడుగు, చీకటి పడ్డాక గుడారం వేయడం కష్టం. నేను నాలుగింటికల్లా శిబిరం గేటు దగ్గర ఉంటాను. కందిపప్పు, బియ్యం నేను తెస్తున్నాను. నెయ్యి మాత్రం మీరు తీసుకురండి, అమ్మాయి కాచినది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో తెస్తే పాతకాలపు శిబిరంలోకి రానివ్వరని మీ అత్తయ్య పింగాణీ జాడీలోకి మార్చి, మూతకు గుడ్డ కట్టి, బల్ల మీద సిద్ధంగా పెట్టింది.

బాబుకు నా ముద్దులు.

నీ మామయ్య